మేడం చివరి సీసా

మా బాటనీ మేడం పోయారని పోయిన నెల ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. ఆగదా మరి! ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

మెదక్‌లోని ఈ ప్రైవేటు కాలేజీలో ఆవిడ నాకు పాఠం చెప్పారు. తర్వాత నేనూ ఇక్కడే లెక్చరర్‌నై, స్టాఫ్‌రూంలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ల్యాబు కిటికీలో మేడం సీసాలుండేవి. వాటి నిండా పచ్చటి నీళ్లు, ఆ నీళ్లలో కంటికి ఆననంత సన్నని నాచు. దానికి తిండి కాస్త తగ్గించి, వెలుతురు కాస్త పెంచితే తనను కాపాడుకోవడానికి ఎర్రరంగు తయారుచేసుకుంటుంది. మందుల్లోకి, చేపల మేతలోకి పనికొచ్చే రంగు అది. సీసా ఎర్రబడిన రోజు మేడం అందరికీ చాయ్ తెప్పించేవారు.

ఒకసారి నేను సీసాను ఎండలో మరిచిపోతే ఎంత తిట్టారో!

‘‘నిన్ను గట్లనే నిలబెట్టాల్నా? జర కష్టపెట్టాలె. జర అంటె జరనే! రంగొచ్చినంక దాని తిండి దానికియ్యాలె, నీడకు పెట్టాలె. లేకుంటె సస్తది.’’

అలాంటి మనిషిని మండే ఎండల్లో అడ్మిషన్ల కోసం రేగోడ్ పల్లెల్లో ఇల్లిల్లూ తిప్పారు. ఛాతీలో నొప్పిగా ఉంది, సెలవు కావాలని అడిగితే ప్రిన్సిపాల్ నవ్వాడు.

‘‘మీరే చెప్తరు గద మేడం, కష్టపెడితెనే రంగొస్తదని!’’

‘‘నీడకు పెట్టుడు మర్సిపోయిండ్రు సార్,’’ అన్నారు మేడం. అని, మళ్లీ బస్సెక్కారు. ఎందుకెక్కారు మేడం? ఆ కోపం మీ మీద కూడా ఉంది నాకు.

సంతాప సభలో ఆయనే మైకు పట్టుకున్నాడు. ‘‘మేడం ఒత్తిడిలోనే మెరిసిండ్రు,’’ అన్నాడు. సిగ్గుండాలి! ఫొటో ముందు గాజుసీసాలో బంతిపూలు. చూడగానే గుర్తుపట్టాను. అది మేడం చివరిసారి ఎర్రబరిచిన సీసా. అటెండర్‌ను పట్టుకుని అడిగాను.

‘‘పాడైన నీళ్లున్నయని సార్ పారబొయ్యమన్నడమ్మా. కడిగిన.’’

అందరూ చూస్తుండగా పూలు తీసి బల్ల మీద పడేశాను. సీసా అడుగున, బ్రష్షు అందని మూలలో, సన్నని ఎర్రగీతలా నాచు మిగిలి ఉంది.

‘‘మేడం మాట మీరు సగమే చెప్పిండ్రు సార్,’’ అని సీసా తీసుకుని బయటికొచ్చేశాను.

దాంట్లో మేడం పోసే పోషకాల నీళ్లే పోసి, ల్యాబులో నీడ ఉన్నచోట పెట్టాను. రోజూ చూస్తున్నాను. ఇవాళ పొద్దున నీళ్లలో లేతపచ్చ కనిపించింది. అప్పుడే అటెండర్ ప్రిన్సిపాల్ కబురు తెచ్చాడు, మేడం తిరిగిన పల్లెలకు ఇక నన్ను వెళ్లమని.

‘‘ఈ ఎండల నేను పోను. పోయి చెప్పు,’’ అన్నాను.

పొద్దెక్కి, కిటికీ ఎండ సీసా దాకా పాకింది. చున్నీ తీసి అడ్డం కట్టాను.