సీలు వేసిన డబ్బా

మా ఆయనది డబ్బా మోసే ఉద్యోగం అంటే అందరూ పాలడబ్బా అనుకుంటారు. కాదు. పిల్లల్లేనివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రుల మధ్య గడ్డకట్టించిన పిండాలను చేరవేస్తారు. మోకాలెత్తు స్టీలు డబ్బా, లోపల మైనస్ నూట తొంభై డిగ్రీల చలి. దాన్ని పడుకోబెట్టకూడదు, కుదపకూడదు. అందుకని ముందు సీట్లో నిలబెట్టి బెల్టు పెడతారు. కట్టుకున్న పెళ్ళాన్ని నేనేమో వెనక సీట్లో! "వదినా, నీ సవతి కులాసానా?" అని మా ఆడపడుచు వేళాకోళం. గతుకు కనిపిస్తే చాలు, బండి పాకుతుంది. తోటి డ్రైవర్లు ఆయనకు తాబేలని పేరు పెట్టారు. పదకొండేళ్ళలో ఒక్కసారీ తేడా రాలేదు. ఆ మాట నేను చెప్పుకోవాలి గానీ, ఆయన నోరు విప్పితేనా!

ఆ రోజు నేనూ వెళ్ళాను. పొద్దున ఏడింటికి మొదటి ఆసుపత్రి ల్యాబ్ అమ్మాయి మూతకు సీలు వేసి డబ్బా ఇచ్చింది. సీలు తీసే హక్కు ఆయనకు లేదు. పైన డిగ్రీల అంకె చూసుకొని సంతకం పెట్టాలి, అంతే. దారి పొడవునా అరగంటకోసారి బండి ఆపి ఆ అంకె చూశారు. అది చెక్కుచెదరలేదు.

"మీ కూతురికి జ్వరమొస్తే ఇన్నిసార్లు చూశారా?" అన్నాను.

"అది ఏడిస్తే వినపడుతుంది కదే. ఇవి ఏడవలేవు," అన్నారు.

సాయంత్రం నాలుగింటికి రెండో ఆసుపత్రి గుమ్మంలో ఒకామె ఎదురుచూస్తోంది. లెక్కల టీచరు, నలభై రెండేళ్ళు. డబ్బాలోని రెండు పిండాలూ ఆమెవే. మళ్ళీ అండాలు తీయడం కుదరదని డాక్టర్లు చెప్పేశారట. ఇవే ఆఖరు.

"బాగా వచ్చాయా అన్నయ్యా?" అని అడిగింది, చుట్టాల ప్రయాణం గురించి అడిగినట్టు.

"నిక్షేపంగా ఉన్నాయమ్మా," అన్నారీయన.

మేం ముగ్గురం ల్యాబ్ అద్దం ఇవతల నిలబడ్డాం. లోపల సీలు తెంచారు. తెల్లటి ఆవిరి పొంగింది. డాక్టరమ్మ పటకారుతో వెతికింది, మళ్ళీ వెతికింది, డబ్బాలోకి లైటు వేసి చూసింది. తలుపు తీసి, "లోపల ఏమీ లేవు," అంది.

ఖాళీ! తొమ్మిది గంటలు మేం కాపలా కాసింది ఉత్త చలికా?

మా ఆయన మొదటి ఆసుపత్రికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. పొద్దుటి అమ్మాయే ఎత్తింది. కాసేపు వాదించి, చూసొస్తానని వెళ్ళి, ఏడుస్తూ తిరిగొచ్చింది. పిండాలున్న సన్నటి గొట్టాలను పెద్ద ట్యాంకులోంచి తీసిందట. ఇంతలో ఎవరో పిలిస్తే బల్ల మీద పెట్టిందట. వచ్చి, వేసేశాననుకొని సీలు బిగించిందట. నీ చేతులు పడిపోను అని అరవబోయాను. మా ఆయన గోడకు చేరగిలి, "సంతకం పెట్టానే... చూడకుండా పెట్టానే..." అంటున్నారు.

"బల్ల మీదవి ఏమయ్యాయి?" టీచరు అడిగింది.

"శుభ్రం చేసే ఆయమ్మ బల్ల తుడుస్తూ... చెత్తలో వేసేసిందండీ."

"ఆ చెత్త తీసుకెళ్ళిపోయారా?"

"లేదండీ. బండి రేపొద్దున వస్తుంది."

"అవిక పనికిరావమ్మా," అంది డాక్టరమ్మ మెల్లిగా.

"తెలుసు," అని టీచరు ఫోను మీదికి వంగింది. "ఆ సంచీ బండికి ఇవ్వకు తల్లీ. వాటిని నేనొచ్చి తీసుకెళ్తాను."

మా ఆయన జేబులోంచి కారు తాళాలు తీశారు.