గడువు పిన్ని పగ

ఆఫీసులో ఆమెను అందరూ గడువు పిన్ని అనేవారు. పిన్ని అని మొదట పిలిచింది అక్క పిల్లలు. సెలవుల్లో వచ్చి ఆమె కుర్చీ చుట్టూ తిరుగుతూ వాళ్ళు పిలిచే పిలుపే మిగతావాళ్ళకూ అలవాటైంది. "గడువు ముంచుకొస్తోంది, ఆ మార్పు చేశారా లేదా?" అని రోజూ ఎవరో ఒకరి వెంటపడుతుంది కాబట్టి గడువు అన్న మాట కూడా ముందు అతుక్కుంది.

ఆఫీసు ఆమె బావది, అంటే సొంత అక్క భర్తది. దర్జీల కోసం ఒక యాప్ నడుపుతారు. ఎవరి భుజం ఎంత, ఎవరి నడుము ఎంత, బట్టలు ఎప్పటికి ఇవ్వాలి, అన్నీ దర్జీలు అందులో రాసుకుంటారు. బావ ఊరూరా తిరిగి దాన్ని దర్జీల చేత ఫోన్లలో పెట్టించాడు. అది ఆ ఫోన్లలో బతికుండేలా చూసే పని పిన్నిది. యాప్‌లు దొరికే స్టోర్ ఒక్క పద్ధతి మీద ఉండదు. కొత్త ఫోన్లు వచ్చినప్పుడల్లా వాటికి తగ్గట్టు మళ్ళీ తయారు చెయ్యమంటుంది. ఫొటోలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పమంటుంది. వద్దనుకున్నవాళ్ళు తమ ఖాతా చెరిపేసుకునే దారి పెట్టమంటుంది. గడువు దాటిందా, మొహమాటం లేకుండా యాప్‌ను తీసి అవతల పారేస్తుంది. పిన్ని తన పని సరిగ్గా చేసినన్నాళ్ళూ ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరు మెచ్చుకుంటారు?

ఆ ఏడు ఆఫీసు వార్షికోత్సవంలో బావ మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ లేపి పొగిడాడు. పిన్ని వంతు వచ్చింది.

"మా మరదలు ఏం చేస్తుందో ఒట్టు, నాకే తెలీదండీ! పొద్దస్తమానం కూర్చుని రూల్సు చదువుతుంది. పరీక్ష ఎప్పుడో మాత్రం చెప్పదు!"

హాలంతా గొల్లున నవ్వింది. పిన్ని అక్క వైపు చూసింది. అక్క కళ్ళు తుడుచుకుని మరీ నవ్వుతోంది. బావ మాటనైనా ఎలాగో మింగింది గానీ, అక్క నవ్వు మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

తర్వాత కొన్నాళ్ళకే తెల్లబూట్ల మేనేజరు ఒకాయన దిగాడు. బావ పిన్నిని గదిలోకి పిలిచి, "ఇక నువ్వు ఇంట్లో హాయిగా రెస్టు తీసుకోమ్మా, ఇదంతా ఆయన చూసుకుంటాడు" అన్నాడు. పిన్ని సరేనంది. తెల్లబూట్లాయనను పక్కన కూర్చోబెట్టుకుని పని ఓపిగ్గా అప్పగించింది. చివరికొచ్చేసరికి, "ఇంకొకటుంది. ఈసారి స్టోర్ వాళ్ళు..." అని మొదలుపెట్టింది. ఆయన వేలెత్తి ఆగమన్నట్టు చూపించి, ఫోనెత్తి, ఎవరితోనో భోజనం సంగతి మాట్లాడుకున్నాడు.

"ఆ, ఏదో అంటున్నారు మేడమ్?"

"ఏం లేదండీ. అంతే" అని పిన్ని బ్యాగు భుజాన తగిలించుకుంది.

ఆ అనని మాట ఇది: జనం వివరాలు తీసుకునే ప్రతి యాప్ వాటిని ఎవరికి ఇస్తోందో గడువులోగా కొత్తగా, వివరంగా చెప్పాలి. చెప్పకపోతే స్టోర్ నుంచి తీసేస్తారు. నోటీసు ఆఫీసుకు వస్తుంది. తెరిచి చదివితే చాలు. ఎవరూ తెరవరని ఆమెకు తెలుసు. మెట్లు దిగుతుంటే చాలా కాలం తర్వాత ఆమెకు కరకరా ఆకలేసింది.

వేరే కంపెనీలో అదే పనిలో చేరింది. రోజూ పొద్దున టీ కప్పు పట్టుకుని స్టోర్‌లో దర్జీల యాప్ పేజీ తెరిచి చూసేది. ఉంటే, "ఉండు, ఉండు" అనుకునేది. కారు డ్రైవింగ్ నేర్పే ఆమె భర్తకు ఈ వాలకం అంతుబట్టలేదు.

"ఏంటి, ఈ మధ్య తెగ కూనిరాగాలు తీస్తున్నావ్?"

"ఒకళ్ళు బ్రేకు లేని బండెక్కారు. ఎప్పుడు గుద్దుకుంటారా అని చూస్తున్నా."

"చెప్పొచ్చు కదే!"

"అడిగితే చెప్తా."

ఒక పొద్దున ఆ పేజీ లేదు. పిన్ని మళ్ళీ వెతికింది. లేదు. టీ ఆ రోజు ఎంత తియ్యగా ఉందో!

రెండో వారంలో బావ, అక్క ఇంటికొచ్చారు. కొత్త ఫోను కొన్న దర్జీలకు యాప్ దొరకడం లేదట, ఆఫీసు ఫోన్లు మోగి మోగి చస్తున్నాయట. బావ ముఖం పీక్కుపోయింది.

"నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నేనేం చేస్తానో నీకే తెలీదన్నావుగా బావా, అంతమందిలో. తెలీని పని గురించి నీకేం చెప్పను?"

అక్క తల దించుకుంది. అది చూసి పిన్ని కాస్త మెత్తబడిందనుకుంటే పొరపాటే. కంప్యూటరు తెచ్చి టేబుల్ మీద పెట్టి, "చేసి పెడతా. కానీ స్టోర్ అడిగే ప్రశ్నలకు జవాబులు నువ్వే టైపు చెయ్యాలి. నా పని ఏంటో నీకు తెలియాలిగా" అంది. పెద్దమనిషిని బడిపిల్లాడిలా పక్కన కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా పైకి చదివింది. బావ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"జనం వివరాలు బయటివాళ్ళకు ఎవరికైనా ఇస్తున్నారా?"

బావ వేలు ఆగిపోయింది. "లేదని కొట్టేస్తా" అన్నాడు మెల్లగా.

పిన్ని అతని ముఖంలోకి చూసింది. ఇది ఆమె అనుకున్నది కాదు, అంతకంటే ఎక్కువ. "ఎవరికిస్తున్నావ్ బావా?"

"ఒక బట్టల కంపెనీకి... ఆ మేనేజరే కుదిర్చాడు. ఫోన్ నంబర్లు, కొలతలు. ప్రకటనలు పంపుకోడానికంతే."

అక్క తలెత్తింది. "మా దర్జీ దగ్గరున్న నా కొలతలు కూడానా?"

బావ కీబోర్డు మీంచి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నా నడుం ఎంతో ఊళ్ళోవాళ్ళకు పంచిపెట్టావా?" అక్క గొంతు పక్కింటికి వినిపించేలా ఉంది. పిన్ని వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, ఆ తిట్లన్నీ తీరిగ్గా విన్నది. పగ తీరడమంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతకు ముందు తెలియదు.

బట్టల కంపెనీ బేరం రద్దయింది. తెల్లబూట్లాయన్ను అక్కే పంపించేసి ఆ కుర్చీలో తనే కూర్చుంది. నిజం జవాబులతో యాప్ మళ్ళీ స్టోర్‌కు వెళ్ళింది. ఆఫీసుకు తిరిగి రమ్మని అక్క ఎన్నిసార్లు పిలిచినా పిన్ని వెళ్ళలేదు. బావతో మాట్లాడటమూ మానేసింది.

యాప్ తిరిగి రావడానికి స్టోర్ వాళ్ళు చాలా రోజులు తీసుకున్నారు. ఆ మధ్యలో పిన్ని తన వీధి చివర దర్జీ దుకాణానికి వెళ్ళింది. అక్కడి టైలరమ్మ పాత ఫోను పగిలి కొత్తది కొనుక్కుంది, అందులోకి యాప్ దొరకలేదు. కొలతలన్నీ పోయి, ఒప్పుకున్న గౌన్లూ కోట్లూ కుప్పపడి, వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ నిలబెట్టి కొలుస్తోంది. పిన్ని గుమ్మంలో ఆగి చూసింది. లోపలికెళ్ళి టేపు అందుకుంది.

"నువ్వెందుకమ్మా ఈ తిప్పలు?"

"ఖాళీగానే ఉన్నా అక్కా."

"ఎవరు చేశారో గానీ, నా ఉసురు తగులుతుంది వాళ్ళకి. వాళ్ళ చేతులు పడిపోను!"

పిన్ని ఒక ముసలాయన భుజం మీద టేపు పరిచి, అంకె చూసి చెప్పింది. తర్వాత, "అవునక్కా" అంది.