వచ్చే చలికి బాయిలరు

నిన్న గ్యాస్ గీజరును వేసవికి కట్టేస్తూ అడుగు బిరడా విప్పాను. లోపల మిగిలిన నీళ్లు అరచేతిలో పడ్డాయి, రాగి వాసన గుప్పుమంది. గ్యాసు ఆపి, బ్యాటరీలు తీసి, దాని ఒళ్లంతా తుడిచి గుడ్డ కప్పాను. “గ్యాసు కట్టేత్తే సరిపోదేటమ్మా?” అంది మా అమ్మాయి. సరిపోదు. ఎందుకు సరిపోదో నాకు నేర్పింది హమీదాబీ.

డెబ్బైల చివర్లో పెళ్లయి ఎలమంచిలి పక్క పల్లె నుంచి విశాఖపట్నం వచ్చాను. మా ఆయనకు పోర్టులో కాంట్రాక్టు పని. అది ఎన్నాళ్లుంటుందో కాంట్రాక్టరుకే తెలియదు. విశాఖలోనే పాత ఊరనే పేటలో హమీదాబీ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. భర్త పోయిన ఆవిడ ముందు వాటాలో ఒక్కతే ఉండేది. ఎలాగూ వెళ్లిపోయే వాళ్లమే కదా అని నేను గోడకు మేకు కూడా కొట్టలేదు. చీరలు ట్రంకుపెట్టెలోనే ఉంచాను. ఎవరైనా “మీదే ఊరమ్మా?” అంటే ఏం చెప్పాలో తోచక ఏడుపొచ్చేది. పుట్టిన ఊరి పేరు చెప్పలేను, ఈ ఊరు నాదనీ అనలేను.

ఆ ఇంట్లో రెండు వాటాలకూ కలిపి ఒక రాగి బాయిలరు ఉండేది. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. చలికాలమంతా అందరి స్నానాలూ దానితోనే. మొదటి ఏడాది చలి తగ్గాక హమీదాబీ చింతపండు పట్టుకుని వచ్చింది.

“శివరాత్రి ఎల్లిపోయింది. రా అమ్మా, బాయిలరు కడిగేద్దాం.”

“మళ్లీ సలికాలందాకా మేం ఉంటామో నేదో. నానెందుకు బీబమ్మా కడగడం?” అన్నాను మూతి ముడుచుకుని.

“ఉండేవోళ్లే కడగాలని ఏటుంది? నువ్వొచ్చేతలికి దీన్ని ఎవులు కడిగుంచారో నీకు తెలుసేటి?”

ఒళ్లు మండింది, అయినా కొంగు బిగించి వెళ్లాను. నీళ్లన్నీ వంపేసి, గొట్టంలో మసి గీకి, చింతపండూ ఉప్పూ వేసి తోమాం. సముద్రపు గాలికి నల్లబడ్డ రాగి ఎర్రగా తేలింది. బోర్లించి ఎండబెట్టాక కుళాయికి కొబ్బరినూనె రాసింది. చివరికి ఎండు కొబ్బరిచిప్పలు గోనెగుడ్డలో చుట్టి గొట్టంలో దించి మూత పెట్టింది. వానలకు ఇంట్లో ఎండుపుల్ల దొరకని రోజున వెలిగించాల్సి వచ్చినా ఎవరూ వెతుక్కోకూడదట. ఆ తర్వాత ఏటా ఇద్దరం కలిసే కట్టేవాళ్లం. నేను ఏటా సణుగుతూనే ఉన్నాను.

ఆఖరి ఏడాది శివరాత్రి ముందే మా ఆయన పని పోయింది. ఊరికి తిరిగి వెళ్లడం తప్ప దారి లేదు. సామాను సర్దుతుంటే హమీదాబీ బాయిలరు మాట ఎత్తనే లేదు. నేనే వెళ్లి చింతపండు నానబెట్టాను.

“ఒగ్గీ అమ్మా, నాను సేసుకుంతాను,” అంది.

“నేదు బీబమ్మా. ఈసారి నా సేత్తోనే కట్టేత్తాను.”

తోముతున్నంతసేపూ ఏడ్చాను. ఆ ఊళ్లో అన్నేళ్లు ఉండి నేనంటూ మిగిల్చిందేమీ లేదని దుఃఖం. ఆవిడ ఓదార్చలేదు, పక్కన కూర్చుని చిప్పలు ఏరి ఇచ్చింది.

కార్తీకంలో ఏదో పని మీద విశాఖ వెళ్లి ఆ ఇంటికీ వెళ్లాను. మా వాటాలో కొత్తగా ఒక బాలింత దిగింది. బాయిలరు పొగలు కక్కుతోంది, లోపల చంటిపిల్లకు నీళ్లు పోస్తున్నారు. హమీదాబీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బాలింతకు చూపించింది.

“ఒక్క అగ్గిపుల్లకే అంటుకున్నాదని అన్నావు కదమ్మా. అందులో సిప్పలెట్టి కట్టింది ఈ పిల్లే. మన ఇంటి పిల్ల.”

బాలింత నవ్వి నాకు పీట వేసింది. నేను కూర్చున్నాను. అన్నేళ్లు అదే వాటాలో ఉండి కూడా ఎప్పుడూ అలా కూర్చోలేదు.

తర్వాత ఎన్నో అద్దె ఇళ్లు మారాం. దిగిన రోజే గోడకు మేకు కొట్టేదాన్ని, ఖాళీ చేసే రోజు పొయ్యి తోమి వెళ్లేదాన్ని. ఇప్పుడీ ఇల్లు మాదే, నేను ముసలిదాన్నయ్యాను. వచ్చే చలికి గీజరు ఎవరు వెలిగిస్తారో తెలియదు. పాత బ్యాటరీలు పారేసి, కొత్తవి తెప్పించి పక్కనే పెట్టాను.