పాలకు పోయే దారి

మార్కాపురంలో పొద్దున్నే పాల క్యాను పట్టుకుని పోయే ఆడవాళ్లలో రామతులసమ్మ అందరికన్నా వేగంగా నడుస్తుంది. యాభై రెండేళ్లు. నడుము లావెక్కింది గానీ అడుగు చురుకు. ఎడమచేత్తో చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టి, కుడిచేతిలో ఖాళీ క్యాను ఊగనివ్వకుండా పోతుంది. ఇంటి పక్కనే పాలు అమ్ముతారు. ఆమె మాత్రం బస్టాండు దాటి వెళ్తుంది. ఎవరైనా అడిగితే, "ఆడ పాలు చిక్కగుంటాయి వదినా" అంటుంది. షుగరు భార్యాభర్తలిద్దరికీ ఉంది. రోజూ నలభై నిమిషాలు నడవమని డాక్టరు ఇద్దరికీ చెప్పింది. పలకల వ్యాపారం చేసే భర్త సుందరరామయ్య తెల్ల బూట్లు వేసుకుని, స్నేహితులతో కాలేజీ గ్రౌండులో చేతులూపుకుంటూ నడుస్తాడు. ఎక్కడికని ఆయన్ని ఎవరూ అడగరు. పనిలేకుండా వీధిలో నడిచే ఆడమనిషిని మాత్రం నలుగురూ అడుగుతారు.

మొన్న ఆయనకు భార్య మీద జాలి కలిగింది. "ఈ వయసులో అంత దూరం ఎందుకే నీకు? రేపట్నుంచి ప్యాకెట్లు ఇంటికే తెచ్చేట్టు చెప్పినా" అన్నాడు. ఆమె క్యాను కడిగి బోర్లించింది. మర్నాడు గుమ్మంలో రెండు ప్యాకెట్లు పడ్డాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి, క్యాను తీసుకుని చెప్పులు వేసుకుంది.

"మళ్లీ యాడికే?" అన్నాడాయన, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"దేవుడికి ప్యాకెట్ పాలు పెడతామా ఏందండీ? ఆవుపాలు తెస్తా."

ఆయన రెండో బూటు లేసు ముడేసుకున్నాడు. ఆవులున్న ఇల్లు బస్టాండుకు ఇంకో కిలోమీటరు అవతల ఉంది.