తలుపు మీద చేయి

బటన్ నొక్కగానే నజ్‌నీన్ ఎడమ అరచేతిని తలుపు మీద పెడుతుంది. ఐదు వేళ్లూ విడదీసి అద్దం మీద పరుస్తుంది. లోపల దీపం వెలుగుతుంది. పళ్లెం మీద నీళ్ల గ్లాసు మెల్లగా తిరుగుతుంది. ఆమె గ్లాసును చూడదు. కొనడానికి వచ్చినవాళ్ల ముఖాలను చూసి నవ్వుతుంది. గంట మోగేదాకా చేయి అక్కడే ఉంటుంది.

అలా పెట్టమని నేర్పింది కంపెనీవాళ్లు. 2009లో సికింద్రాబాద్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. "మంట కనబడని పొయ్యి అంటే జనానికి భయం. మీరు చేయి పెట్టి నిలబడండి. ఇంకేం చెప్పనక్కర్లేదు" అన్నాడు నేర్పిన ఆయన.

అప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లు. శామీర్‌పేటకు కోడలిగా వచ్చి ఏడాది. మేడ్చల్ బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే దుకాణంలో మైక్రోవేవ్ ఓవెన్లు చూపించే పనికి కుదిరింది. ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, ఓవెన్ ప్రకటన. అందులో ఒక తల్లి నవ్వుతూ కేకు బయటికి తీసేది. దుండిగల్ నుంచి, గండిమైసమ్మ నుంచి కొత్త కాలనీలవాళ్లు వచ్చి "టీవీల వచ్చేది ఇదేనా?" అని అడిగేవాళ్లు. నజ్‌నీన్ గాజు గిన్నెలో క్యారెట్ హల్వా చేసి చెంచాతో అందించేది. ఆ నెయ్యి వాసనకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఒకసారి లోపలికి తొంగిచూసేవాళ్లు.

మరుసటి ఏడు దసరాకు, లారీలోంచి ఫ్రిజ్ దించుతుంటే అంచు తగిలి, చూపించే ఓవెన్ కింద పడింది. అద్దం పగలలేదు. తలుపు కీలు ఒకవైపు వంగింది. ఆనాటి నుంచి తలుపు దానంతట అది పడదు. అరచేతితో నొక్కి పట్టుకుంటేనే లోపల దీపం వెలుగుతుంది. చేయి తీస్తే ఆగిపోతుంది.

దుకాణం చూసుకునే సుధాకర్ కంపెనీకి ఫోన్ చేశాడు. ప్రకటనలు వేసే సీజన్‌లోనే చూపించడానికి కొత్త పీసులు పంపుతామని వాళ్లన్నారు. ఆ సీజన్ మళ్లీ రాలేదు. ప్రకటనలు తగ్గాయి, తర్వాత లేకుండా పోయాయి. పీసూ రాలేదు.

"నువ్వెట్లయినా చెయ్యి పెడ్తవు గద" అని నవ్వాడు సుధాకర్. నజ్‌నీన్ కూడా నవ్వింది.

మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు. రెండుసార్లూ మూడో నెలలోనే. ఇది మూడోసారి. మళ్లీ మూడో నెల. ఐదో నెల దాటేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని అత్త షహర్ బాను ఒట్టు వేయించుకుంది. దుకాణంలో ఎవరికీ తెలియదు.

2013 ఆగస్టులో ఒక గురువారం, తూంకుంట కాలనీ నుంచి అమ్మాజీ వచ్చింది. గుంటూరు వైపు మనిషి. భర్త వెంకటేశ్వరరావుకు ఇక్కడ ఉద్యోగం. వెంట కోడలు హరిచందనను తీసుకొచ్చింది. ఆ అమ్మాయికి ఐదో నెల. చీర కుచ్చిళ్ల మీద ఒక చేయి ఆనించుకుని నడుస్తోంది.

నజ్‌నీన్ నీళ్ల గ్లాసు పెట్టింది. తలుపు మూసింది. బటన్ నొక్కింది. చేయి పెట్టింది.

"కాలదా?" అంది హరిచందన.

"కాలది. మీరు సుత పెట్టి చూడున్రి."

"పెట్టి చూడవే, చందనా. వాడాల్సింది నువ్వే కదా" అంది అమ్మాజీ.

హరిచందన బల్ల దగ్గరికి జరిగి, కొంచెం ముందుకు వంగి, నజ్‌నీన్ చేతి పక్కనే చేయి ఆనించింది. చెంచా అందుకోవడానికి నజ్‌నీన్ తన చేయి తీసింది. దీపం ఆరలేదు. ఆ అమ్మాయి చేయి తలుపును పట్టి ఉంచింది.

"చల్లగానే ఉంది అత్తయ్యా!"

అమ్మాజీ మాత్రం ఓవెన్ వంక అనుమానంగా చూస్తూ నిలబడింది. "నాకొక సంగతి చెప్పమ్మా. ఇదివరకు టీవీలో ఊదరగొట్టేవాళ్లు. ఇప్పుడొక్కటీ రావట్లేదేంటి?"

"ఏమోనమ్మా..."

"ఊరికే ఆపరు. సిగరెట్ల ప్రకటనలు ఎందుకాపేశారు? వీటిలోనూ ఏదో ఉండబట్టే ఆపించేసుంటారు. మావారికి చెబితే నన్ను చూసి నవ్వుతారు. కడుపుతో ఉన్న పిల్ల, ఇంట్లో పెట్టుకోవచ్చా? నీ సొంత చెల్లెలికైతే ఏం చెబుతావో అది చెప్పు."

నజ్‌నీన్ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఏం గాదమ్మా. నాలుగేండ్ల సంది రోజూ గిట్లనే నిలబడుతున్న. నాకేమన్న అయిందా?"

అనేశాక, తానేమన్నదో ఆమెకు వినబడింది.

గంట మోగింది. రేపు పొద్దున ఆయన్ను తీసుకొచ్చి, ఇంకోసారి చూసి కొంటామని అమ్మాజీ చెప్పింది. అత్తాకోడళ్లు మెట్లు దిగి ఆటో ఎక్కారు.

నజ్‌నీన్ గ్లాసు తీయలేదు. సుధాకర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, గీ ఓవెన్ల యాడ్లు ఎందుకు బంద్ జేసిన్రు?"

"కొనేటోళ్లందరు కొన్నరు. ఒక్కసారి కొంటే పదేండ్లు ఖరాబ్ గాదు. మళ్ల కొత్తగ చెప్పనీకి ఏమున్నది? కేకులు జేస్తమని కొన్నరు, రాత్రి మిగిలిన పప్పు వేడి జేసుకుంటున్నరు. నిన్నటి పప్పును టీవీల ఎవడు సూపిస్తడు?" సుధాకర్ తన జోకుకు తానే నవ్వాడు. "కంపెనీ పైసలన్నీ ఇప్పుడు ఫోన్ల యాడ్లకు పోతున్నయ్. గంతే."

సరైన జవాబే. ఆమెకు అర్థమైంది కూడా. కాని అనుమానం తీరలేదు.

గురువారాలు రిపేరు శ్రీనివాస్ వస్తాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. సంచి దించి నీళ్లు తాగుతుంటే నజ్‌నీన్ పక్కకు వచ్చి నిలబడింది.

"శ్రీనన్నా, దీని లోపలిది బయటికి వస్తదా?"

"తలుపు సక్కగ పడితే రాదు."

ఆమె ముఖం చూసి అతను గ్లాసు కింద పెట్టాడు. సంచిలోంచి, ఓవెన్ కిరణాలు బయటికి వస్తే చూపించే టార్చిలైటంత మీటరు తీశాడు. దాని ముఖం మీద ఒక ముల్లు, పచ్చ గీత, ఎర్ర గీత ఉన్నాయి.

"నడిపియ్ అక్కా."

ఆమె బటన్ నొక్కి చేయి పెట్టింది.

"చెయ్యి తియ్యి, అడ్డమొస్తాంది."

తీసింది. దీపం ఆరింది. శ్రీనివాస్ ఓవెన్‌ను, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"మూడేండ్లాయె."

అతను ఆమెను వెనక్కి జరగమని, తలుపుకు చెక్క ముక్క ఆనించి, దాన్ని పొడుగాటి కర్రతో నెట్టి పట్టుకున్నాడు. దీపం వెలిగింది. మీటరును తలుపు చుట్టూ తిప్పాడు. మూడు మూలల్లో ముల్లు కదలలేదు. కుడివైపు కింది మూలకు రాగానే పచ్చ గీత దాటింది. ఎర్ర గీతకు తగిలి అక్కడే వణుకుతూ ఆగింది.

ఆ మూల ఎంత ఎత్తులో ఉందో నజ్‌నీన్ కొలిచి చూడనక్కర్లేదు. రోజూ ఓవెన్ పెట్టిన ఆ బల్లకు పొత్తికడుపు ఆనించే నిలబడుతుంది.

"గాబరా పడకక్కా. దూరం పోతే తగ్గిపోతది. సూడు, మూరెడు దూరంల ముల్లు మొత్తం పడిపోయె."

"నేను దూరం ఎన్నడు నిలబడ్డ?"

శ్రీనివాస్ మీటరు సంచిలో పెట్టాడు. కర్ర తీసి పక్కన పెట్టాడు. "వేడి చేసుడే దాని పని. ఒంట్ల ఉండిపోయేది కాదు. మిగతాది డాక్టర్లకు తెల్వాలె, నాకేం తెలుసు? దీన్ని మాత్రం నడపొద్దు" అన్నాడు. సుధాకర్‌కూ అదే మాట చెప్పి వెళ్లాడు.

సుధాకర్ తల గోక్కున్నాడు. "రేపు గా ఆంధ్రామె వస్తది గద. గామెకొక్కదానికి సూపియ్. ఎల్లుండి సంది బంద్ పెడ్దాం."

"కొత్త డబ్బా ఇప్పి సూపిస్త, సార్."

"డబ్బా ఇప్పినంక కొనకపోతే? వాడిన మాల్ ఎవడు తీస్కుంటడు? ఒక్క నిమిషంనర. మూడేండ్ల సంది లేని పరేషాన్ ఇయ్యాల ఏమొచ్చింది నీకు?"

ఏమొచ్చిందో ఆమె చెప్పలేకపోయింది. అత్తకు ఒట్టేసి ఉంది.

శామీర్‌పేట ఆటోలో కూర్చుని ఎడమ అరచేతిని చూసుకుంది. వంటింటి మసి తప్ప ఏమీ లేదు. మండటం లేదు, నొప్పి లేదు. అదే ఎక్కువ భయం వేసింది. మంటైతే చేయి దానంతట అదే వెనక్కి వచ్చేది. మొదటిసారి, రెండోసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకే మాట చెప్పింది. చాలామందికి ఇట్లా జరుగుతుంది, కారణం ఉండనక్కర్లేదు. ఆ మాటను ఇన్నాళ్లూ గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు దానికీ, ఆ తలుపులాగే, ఒక మూల వంగింది.

ఇంట్లో షహర్ బాను పొయ్యి మీద పుల్లటి పప్పు, ఖట్టీ దాల్ వేడి చేస్తోంది. అత్తది ఇంకో లెక్క. రెండుసార్లూ మేడ్చల్ రోడ్డు గుంతలే పాపం చేశాయని ఆమె నమ్మకం.

"ఆటో తోలే తాహాకు చెప్పిన బేటా. నువ్వెక్కితే మెల్లగ తోలుమన్న. గుంత కాడ ఆపి మరీ తోల్తడట." అన్నం వడ్డిస్తూ కోడలి ముఖం చూసింది. "ఏందమ్మా, గట్ల కూసున్నవ్? కడుపుల నొస్తాందా?"

"లేదు అమ్మీ."

"మరి చెయ్యెందుకు గట్ల దాస్తున్నవ్?"

ఎడమ చేయి ఒళ్లో, దుపట్టా కింద ఉంది. అక్కడ ఉందని నజ్‌నీన్‌కే తెలియలేదు. తీసి నేల మీద పెట్టింది. రోడ్డు గుంతలను నమ్ముకున్న మనిషికి ఏమని చెప్పాలి? చెబితే, ఆ రెండూ ఎవరి చేతి మీదుగా పోయినట్టు? నిజంగా అట్లా పోయాయో లేదో ఎవరు చెబుతారు? అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చి, మళ్లీ పళ్లెంలో పెట్టింది. బల్ల దగ్గరికి జరిగి, ముందుకు వంగిన ఆ అమ్మాయే కళ్ల ముందు ఉంది. చల్లగానే ఉంది అత్తయ్యా అంటోంది.

మరునాడు పొద్దున సుధాకర్ షట్టర్ ఎత్తి చాయ్ తాగడానికి వెళ్లగానే నజ్‌నీన్ లోపలికి వచ్చింది. పాత ఓవెన్ ప్లగ్గు గోడలోంచి లాగింది. క్యారెట్లు తరిగే కత్తి తీసుకుని, వైరును మొదట్లో కోసింది. మొద్దు కత్తి, మూడుసార్లు కోయాల్సి వచ్చింది. తెగిన వైరు ముక్కను సుధాకర్ బల్ల మీద, అతనికి కనబడేటట్టు పెట్టింది. తర్వాత గోడౌన్‌లోంచి కొత్త డబ్బాను నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, అట్ట చింపింది. బరువెత్తొద్దని ఓవెన్‌ను నేల మీదే ఉంచి ప్లగ్గు పెట్టింది.

పదింటికి అమ్మాజీ, వెంకటేశ్వరరావు, హరిచందన వచ్చారు. సుధాకర్ ఆ వైరు ముక్కను వాళ్లకు కనబడకుండా వీపు వెనక దాచుకున్నాడు.

నజ్‌నీన్ నీళ్ల గ్లాసు లోపల పెట్టింది. ఒక్క వేలితో తలుపు మూసింది. అది టక్కుమని దానంతట అదే పడింది. బటన్ నొక్కింది. హరిచందన నిన్నటిలాగే చేయి చాపి వంగబోతుంటే ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఈడికి రా."

ఇద్దరూ వెనక్కి నడిచారు. వీపులకు గోడ తగిలేదాకా నడిచారు. అక్కడి నుంచి, గంట మోగేదాకా, గ్లాసు తిరగడం చూశారు.