జోలె బరువు

ఐదేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. ధర్మాబాద్ దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూచి, టీచరమ్మకు అంకెలు చెప్పేదాన్ని. చదివింది నాలుగో తరగతే. లెక్కలు మాత్రం మార్కెట్లో ధాన్యం తూకాలు చూసి నేర్చుకున్నాను. వేలాడే కాటాకు పాత బొంతతో జోలె కుట్టింది కూడా నేనే.

ఒకరోజు ఆ జోలె చిరిగింది. సావిత్రి తన పధ్నాలుగు నెలల పాప గంగను పల్చటి చీరముక్కలో వేసి కాటాకు తగిలించింది. పోయిన నెల ఏడు కిలోల ఆరు వందల గ్రాములున్న పాప ఏడు కిలోల వంద గ్రాములకు దిగింది.

"గిదేందక్కా? మూడు పూటలా తినబెట్టిన గదా!" సావిత్రి కాటా వైపు వంగి చూసింది.

"పోరి బువ్వ నువ్వే తిన్నవేమో," అని వెనక ఎవరో నవ్వారు.

నేను చిరిగిన జోలెను ఖాళీగా కాటాకు తగిలించాను. ముల్లు అర కిలో దగ్గర ఆగింది. ఐదు నెలలుగా నేను చెప్పిన ప్రతి అంకెలోనూ నా బొంత ఉంది.

రిజిస్టరు తీసి ఒక్కొక్క పేరులో అర కిలో తగ్గించాను. పధ్నాలుగు మందిలో ముగ్గురు అదనపు తిండి అందాల్సినవాళ్లని తేలింది. అందులో గంగ ఒకతె.

"నెలనెలా మంచిగున్నదంటివి గదక్కా," అంది సావిత్రి.

నాకు ఏడుపు రాలేదు. పెన్నుకు మూత పెట్టాను.

మర్నాటి నుంచి గంగకు గుడ్డు, రెండో పూట కిచిడీ ఇచ్చారు. ఇప్పుడు బడికి పోతోంది. మార్కెట్లో మాత్రం, అంతకు ముందు కూడా, సంచి బరువు తీసేయకుండా ఒక్క బస్తా తూకం కూడా నేను ఏనాడూ ఒప్పుకోలేదు.