బార్‌స్టోకి పంపిన పూలు

మా షాపు ఆంటీ పోయారు. మంగళవారం పొద్దున నేను యూకలిప్టస్ కొమ్మలకు కింది ఆకులు దూస్తుంటే, ఆవిడని చివరి రోజుల్లో చేర్చిన హాస్పిస్ నుంచి ఫోన్ వచ్చింది. నర్సు నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. నేనూ అంతే మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, మిగిలిన కొమ్మలన్నీ దూసేశాను. ఆ రోజు ఫ్రెస్నోకి మూడు పూలపెట్టెలు వెళ్ళాలి, కొరియర్ బండి పదకొండింటికల్లా వచ్చేస్తుంది. ఆంటీ ఉంటే ముందు పెట్టెలు కట్టు, తర్వాత ఏడుద్దువు గాని అనేవారు. కట్టాను. తర్వాత ఏడుపు రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు షాపు గురించి చెప్పాలి. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక ఇండియన్ గ్రోసరీకీ, ఒక కళ్ళ డాక్టరు ఆఫీసుకీ మధ్య ఇరుకు గది మాది. బోర్డు మీద పూలు అని ఉన్నా, గులాబీల కోసం వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళేవాళ్ళు. ఆంటీ అమ్మేది ఆస్ట్రేలియా జాతి పూలు మాత్రమే. అవి విమానమెక్కి రావు, ఇక్కడే వాట్సన్‌విల్ వైపు సముద్రపు గాలి తగిలే తోటల్లో పూస్తాయి. వాటిని గుత్తులు కట్టి, సముద్రానికి దూరంగా ఎండకు మాడే ఊళ్ళకు అట్టపెట్టెల్లో పంపుతాం. అందమైన పువ్వు ఏదని ఆంటీ ఎప్పుడూ అడిగేవారు కాదు. దారిలో చావని పువ్వు ఏదని అడిగేవారు.

నాకు వర్క్ పర్మిట్ వచ్చిన కొత్తలో చేరాను. అంతకు ముందు ఐదేళ్ళు, మా ఆయన ఉద్యోగంతో పాటు వచ్చే, పని చెయ్యనివ్వని హెచ్‌-ఫోర్ వీసా మీద ఇంట్లోనే ఉండి, ఉద్యోగం ఎలా చెయ్యాలో, ఎలా అడగాలో కూడా మర్చిపోయిన స్థితిలో ఉన్నాను. గ్రోసరీలో కరివేపాకు కొనుక్కుని బయటికొస్తుంటే ఆంటీ తన కారు డిక్కీ తెరిచి అందులోకి తొంగి చూస్తూ కనబడ్డారు. నన్ను పిలిచి, ఈ రెండిట్లో ఏది బాగుందో చెప్పమన్నారు. ఒకటి మొక్కజొన్న కంకంత బలిసిన నారింజ రంగు పువ్వు, ఇంకొకటి తెల్లగా మెత్తగా అప్పుడే తల వాల్చేసిన పువ్వు. నారింజదే బాగుందన్నాను. రేపు పదింటికి రా అన్నారు. నా డిగ్రీ ఏమిటో, గ్యాప్ ఎందుకొచ్చిందో అడగని ఇంటర్వ్యూ ఈ దేశంలో నాకదొక్కటే. ఆ ఒక్క మాటతో ఆవిడ నన్ను మళ్ళీ మనిషిని చేశారు. బతికుండగా ఈ మాట ఆవిడతో అనలేదు.

డిక్కీలో జరిగేది పరీక్ష అని తర్వాత తెలిసింది. కొత్త పువ్వు ఏదొచ్చినా కాడలకు తడి కాగితం చుట్టి, పెట్టెలో పెట్టి, కారు డిక్కీలో వేసి మండుటెండలో రెండు రోజులు వదిలేసేవారు. మూడో రోజు తెరిచి మార్కులు వేసేవారు. కంకిలాంటి బ్యాంక్సియా ఎప్పుడూ ఫస్ట్ క్లాసే. పసుపుపచ్చ గోళీల్లాంటి బిల్లీ బటన్స్‌కి ఎండ తగిలినట్టే తెలియదు. నూగు వేళ్ళలాంటి కాంగారూ పా కాస్త నలిగినా నీళ్ళలో పెడితే తేరుకుంటుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతులన్నీ పాసయ్యాయని కాదు. ఆ తెల్ల మెత్తటి పువ్వు మూడుసార్లు తప్పింది. ఎంత ముద్దుగా ఉన్నా సరే, ఆంటీ దాన్ని మళ్ళీ షాపులోకి రానివ్వలేదు. పాపం కదాంటీ అంటే, దాని అందం మనకి, దాని చావు కొన్నవాళ్ళకీనా అన్నారు.

చేరిన నెలలోనే ఒక ఘనకార్యం చేశాను. వాక్స్‌ఫ్లవర్ అని చిన్న చిన్న గులాబీ రంగు పూల కొమ్మ ఒకటుంది. దాని గట్టితనమంతా ఎండ దగ్గరే, పండుతున్న అరటిపండు పక్కనుంటే పూలన్నీ రాల్చేస్తుంది. తెలియక లంచ్‌కి తెచ్చుకున్న అరటిపళ్ళు ఆ బకెట్ పక్కన పెట్టాను. పొద్దున్నకల్లా నేలంతా పూలే. ఆంటీ అరవలేదు. చీపురు నా చేతికిచ్చి, ఆ రెండు పళ్ళూ తినేసి, రేపట్నుంచి పెరుగన్నం తెచ్చుకో అన్నారు.

మనవాళ్ళతోనే ఆవిడకి ఎక్కువ పేచీ వచ్చేది. బేకర్స్‌ఫీల్డ్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, భార్య పుట్టినరోజుకి ఎర్ర గులాబీలే కావాలని పట్టుబట్టాడు. ఆవిడ ఇంటికొచ్చేది ఎన్నింటికి అని ఆంటీ అడిగారు. సాయంత్రం ఆరు దాటాక అన్నాడు. పెట్టె మధ్యాహ్నం ఒంటిగంటకి గుమ్మంలో దిగుతుంది బాబూ, ఐదు గంటలు ఆ ఎండలో మీరు నిలబడగలరా, గులాబీ మాత్రం ఎలా నిలబడుతుంది అన్నారు. చివరికి బ్యాంక్సియా పంపించారు. వారం తర్వాత అతనే మళ్ళీ ఫోన్ చేసి, ఇవి ప్లాస్టిక్‌వి కావు కదండీ, ఇంకా అలాగే ఉన్నాయని అనుమానంగా అడిగాడు. ఆంటీ రోజంతా అది తలుచుకుని నవ్వుకున్నారు.

ఈ గట్టి పూల పిచ్చి ఆవిడకి ఎందుకు పట్టుకుందో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

రెండు వారాలకోసారి, గురువారం నాడు, ఎవరూ ఆర్డర్ ఇవ్వని పెట్టె ఒకటి ఎడారిలోని బార్‌స్టోకి వెళ్ళేది. అది మాత్రం ఆంటీ నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. మర్నాడు కొరియర్ వాళ్ళు పెట్టె దించి, గుమ్మంలో దాని ఫొటో తీసి పంపుతారు కదా, ఆ ఫొటో కోసం పొద్దుటినుంచీ ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. వచ్చాక వేళ్ళతో పెద్దది చేసి, అంగుళం అంగుళం చూసేవారు. అది ఆవిడ ఒక్కగానొక్క కూతురి ఇల్లు. ఆ అమ్మాయి అక్కడ స్కూల్లో టీచరు. తల్లితో మాట మానేసి అప్పటికి ఏడేళ్ళు.

మొదటిసారి పంపింది గులాబీలేనట. రెండో పెట్టె ఫొటోలో మొదటి పెట్టె గోడవారన విప్పకుండా అలాగే కనబడిందట. ఆ ఎడారి ఎండలో లోపల ఏమై ఉంటాయో ఊహించుకుని ఆంటీ రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడే డిక్కీలో పరీక్షలు మొదలుపెట్టారు. "అది ఎప్పుడు విప్పినా, విప్పిన రోజు ఒక్క పువ్వయినా బతికుండాలి కదే" అన్నారు నాతో. షాపు ఆ ఆలోచన మీద పుట్టింది. మిగతా ఊళ్ళన్నీ తర్వాత వచ్చి చేరాయి.

ఒక శుక్రవారం ఫొటోలో గుమ్మం పక్కన మూడు చక్రాల చిన్న సైకిల్ కనబడింది. ఆంటీ నాకు చూపించి, పక్కింటి వాళ్ళదై ఉంటుందంటావా అని అడిగారు. తర్వాత ఫొటోలోనూ అది అక్కడే ఉంది. తను అమ్మమ్మనయ్యానని ఆవిడకి కొరియర్ అబ్బాయి తీసిన ఫొటో వల్ల తెలిసింది. ఆ సాయంత్రం గ్రోసరీ నుంచి పాలకోవా తెచ్చి నాకొక ముక్క పెట్టారు.

గొడవ ఏమిటో ఆకులు దూస్తూ ఒక మధ్యాహ్నం ఆవిడే చెప్పారు. అంకుల్‌కి జబ్బు చేసినప్పుడు ఆ అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, పదకొండు నెలలు తండ్రి మంచం పక్కనే ఉంది. అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది. ఆయన పోయాక దహనానికి తీసుకెళ్ళారు. అక్కడ గాజు తలుపు ఇవతల గోడకొక బటన్ ఉంటుంది, కొరివి పెట్టడమంటే ఇక్కడ అదే. అమ్మాయి ముందుకొచ్చి చెయ్యెత్తింది. అప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చిన అంకుల్ అన్నగారు, ఆడపిల్ల చెయ్యకూడదమ్మా, మా అబ్బాయి ఉన్నాడు కదా అన్నారు. అందరూ ఆంటీ వైపు చూశారు.

"పక్కకి జరుగమ్మా అన్నాను. అంతే. ఆ రెండు మాటలే అన్నాను" అన్నారు ఆంటీ.

అమ్మాయి జరిగింది. మర్నాడు పొద్దున్నే కారెక్కి వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత ఆంటీ బార్‌స్టో వెళ్తే గుమ్మంలోకి వచ్చి, ఇంటికి వెళ్ళమ్మా అని తలుపు వేసేసుకుంది. ఫోన్ ఎత్తదు. ఉత్తరం రాయండాంటీ, సారీ చెప్పండి అన్నాను. అలా కాగితం మీద చెబితే సరిపోయేంత చిన్నదా అది అన్నారు.

ఈ ఏడు వేసవి మొదట్లో కడుపులో నొప్పన్నారు. స్కాన్ చేసేసరికే చెయ్యి దాటిపోయిందన్నారు డాక్టర్లు. హాస్పిస్‌లో చేరాక కూడా నాచేత బార్‌స్టో పెట్టె కట్టించి, నేను తీసిన ఫొటో చూసి, బ్యాంక్సియాలు ఇంకొంచెం లోపలికి జరపమన్నారు. పోవడానికి నాలుగు రోజుల ముందు నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకు ఆ బటన్ మా అమ్మాయే నొక్కాలి. ఇంకెవరూ వద్దు. నేనన్నానని దానికి చెప్పు."

ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను. వద్దన్నారు. చావబోతున్నానంటే జాలితో వస్తుంది, ఆ జాలి నాకొద్దు, పోయాక చెప్పు అన్నారు. పెద్దావిడ అంత తెగేసి చెబితే ఎదురు చెప్పలేకపోయాను. నా మొదటి తప్పు అది.

రెండోది చాలా పెద్దది. మంగళవారం ఆ అమ్మాయికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. అమ్మ పోయారని, దహనం గురువారం పదకొండింటికని, అడ్రసు ఇదని ఇంగ్లీషులో టైప్ చేశాను. బటన్ సంగతి కూడా రాశాను. చదువుకుని చెరిపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. చావు కబురుతో పాటే అలాంటి మాట రాస్తారా? ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సినవి కొన్నుంటాయని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. రాగానే లోపలికి తీసుకెళ్ళేముందే చెప్పేద్దామనుకున్నాను. ఆమె నుంచి ఓకే, థాంక్స్ అని జవాబొచ్చింది. ఓకే అంటే వస్తుందనే అనుకున్నాను.

గురువారం పదకొండయింది. నేనూ, మా ఆయనా, గ్రోసరీ యజమాని, తోట నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్ళూ, అంతే. ఎడిసన్ పెద్దాయన, ఆయన కొడుకూ జూమ్‌లో ఉన్నారు. అక్కడి ఉద్యోగి ఒకసారి వచ్చి గడియారం చూసుకుని వెళ్ళాడు. పదకొండుంపావుకి మళ్ళీ వచ్చాడు. మా వెనక ఇంకో కుటుంబానికి టైము ఇచ్చారట. నేను తలుపు వైపే చూస్తున్నాను. ఎవరూ రాలేదు. జూమ్‌లోంచి పెద్దాయన, మగవాళ్ళెవరైనా కానిస్తే బాగుంటుందమ్మా, మీవారున్నారు కదా అన్నారు. మా ఆయన అలవాటుగా ఒక అడుగు ముందుకు వేశాడు. నేను భుజం పట్టుకుని ఆపి, వెళ్ళి నొక్కాను. చాలా తేలిగ్గా లోపలికి పోయింది, లిఫ్ట్ బటన్ లాగే. ధైర్యం చేశానని మా ఆయన కారులో మెచ్చుకున్నాడు. అది నా ధైర్యం చూపించుకునే చోటు కాదు. అక్కడ ఉండాల్సిన చెయ్యి నాది కాదు.

తర్వాతి వారం షాపులో ఉండగా ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి గొంతు వినడం నాకదే మొదలు. తెలుగే మాట్లాడింది, చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న తెలుగు.

"ఎవరు ప్రెస్ చేశారు?"

నేనే అన్నాను. అప్పుడు చెప్పాను ఆంటీ అడిగిన మాట, ఆవిడ ఎలా అన్నారో అలాగే. మెసేజ్‌లో ఎందుకు రాయలేదో కూడా చెప్పాను. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది.

"నేను వచ్చానండీ. పార్కింగ్ లాట్‌లో ఉన్నాను. మళ్ళీ జరుగు అంటారని, లోపలికి రాలేదు."

క్షమించమని అడిగేలోపే పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. ఇక ఎత్తుతుందనీ అనుకోవడం లేదు. గురువారం పెట్టె నేనే పంపుతున్నాను, కానీ ఎవరి తరఫున పంపుతున్నానో నాకే తెలియదు. అది ఎండలో ఎన్ని రోజులు బతికితే మాత్రం ఏం లాభం.

దహనం రోజు మేము బయటికి వచ్చేటప్పుడు పార్కింగ్ చివర ఒక తెల్ల కారు ఇంజిన్ ఆపకుండా ఆగి ఉంది. ముందు అద్దం నిండా దూరం నుంచి వచ్చిన కారుకుండే పురుగుల మరకలు. లోపల ఒకామె రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుంది. మా తర్వాత టైము ఇచ్చిన వాళ్ళ తాలూకు మనిషి అనుకున్నాం. మాకు దారిస్తోందనుకుని, నేను చెయ్యెత్తి థాంక్స్ చెప్పాను. ఆమె కూడా చెయ్యెత్తింది. మా ఆయన కారు ముందుకు పోనిచ్చాడు.